కొసరు ఎవరి చేతిలో?

తెలంగాణ పల్లె బతుకును రాసినవాళ్లు వెట్టిని గురించి రాశారు, నాగును గురించి రాశారు, గడిని గురించి, పటేల్ పట్వారీల దస్త్రాలను గురించి రాశారు. కొసరును గురించి రాసినట్టు నాకు కనపడలేదు. కొసరంటే ఏమిటో పాఠకులకు చెప్పనక్కరలేదు. సేరు పెసలు కొలిచిన తర్వాత సావుకారి మరో పిడికెడు తీసి పైన వేస్తాడు. అంగట్లో గంప ముందు కూచున్న అవ్వ తూకం దించాక రెండు మిరపకాయలూ ఒక కల్యామాకు రెబ్బా కలుపుతుంది. కలపకపోతే మనమే అడుగుతాం. ఆ అడగడంలో బిచ్చమెత్తిన భావం వుండదు. అమ్మేవాడు తూకంలో ఎక్కడో ఒకచోట తనకు మేలు చేసుకునే వుంటాడన్న అనుమానం కొనేవాళ్లకు ఎప్పుడూ వుంటుంది. దానికి సర్దుబాటుగా బజారులో ఏర్పడిన రివాజు కొసరు. అది సరుకు రూపంలోనే వుంటుంది, అప్పటికప్పుడే చేతిలో పడుతుంది.

చేతిలో పడడమనే ఆ రెండో లక్షణం ఎంత విలువైనదో కిందటేడు బతుకమ్మ పండుగ ముందర కరీంనగర్‌లో ఒక సూపర్ మార్కెట్ కౌంటరు దగ్గర నాకు తెలిసివచ్చింది. నాలుగేళ్లుగా మా ఇంటి నెల సరుకులు అక్కడే కొంటున్నాం. మొదటి రోజే ఒక కార్డు ఇచ్చారు. వంద రూపాయల కొనుగోలుకు ఒక పాయింటు, ఒక పాయింటు ఒక రూపాయితో సమానం అన్నారు. నెలకు సుమారు నాలుగున్నర వేల బిల్లు. అంటే నెలకు నలభై అయిదు పాయింట్లు. నాలుగేళ్లలో మేము అక్కడ పోసిన సొమ్ము రెండు లక్షల పదహారు వేలు, మాకు రావలసిన కొసరు రెండు వేల నూట అరవై. పండుగ సరుకులకు ఆ పాయింట్లు వాడుకుందామని నా భార్యే అన్నది. చీటీ రాసుకొని పోయాం.

కౌంటరులోని అమ్మాయి కార్డు గీసి, "సార్, ఫోనుకు నంబరొస్తది, చెప్పుండ్రి" అన్నది. నంబరు రాలేదు. కార్డు తీసుకున్ననాటి సిమ్ము ఇప్పుడు లేదు. ఫోను నంబరు మార్పించాలంటే పాత ఫోనుకే ఒక నంబరు వస్తుందట, అది చెప్పాలట. వెనక వరుసలో వున్నవాళ్లు గునుస్తున్నారు. మేనేజరు వచ్చి కంప్యూటరులో చూసి, ఏడాది దాటిన పాయింట్లు ఎప్పటికప్పుడు చెల్లకుండా పోయాయని, మిగిలినవి అయిదు వందల నలభై అని చెప్పాడు. ఈ ఏడాది నుంచి పాయింటు విలువ అర్ధరూపాయి. అంటే రెండు వందల డెబ్బై. వెయ్యి రూపాయల బిల్లు మీద మాత్రమే వాడుకోవచ్చు. ఆ బిల్లులో బియ్యం, నూనె, చక్కెర లెక్కకు రావు. మా చీటీలో వున్నవే అవి. "ఇవన్నీ ఎప్పుడు చెప్పారు బాబూ?" అంటే, కార్డు తీసుకున్నప్పుడు ఒప్పుకున్న షరతుల్లో వున్నాయన్నాడు. షరతులను ముందుగా చెప్పకుండా మార్చుకునే అధికారం కంపెనీకి వుంటుందన్నది కూడా ఆ షరతుల్లో ఒకటి. "మీరిక్కడ పాఠం చెప్పకుండ్రి, నడువుండ్రి" అని నా భార్య నా చేతిలోని సంచి తీసుకున్నది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. రోజంతా నిలబడి పనిచేసే మనిషి ఆమె. ఆ షరతులు ఆమె రాసినవి కావు.

రెండు వేల రూపాయల కోసం ఒక పంతులు ఇంత రాద్ధాంతం చేయాలా అని కొందరు మిత్రులన్నారు. సొమ్ము చిన్నది కావచ్చు, దాని వెనక వున్న సంబంధం చిన్నది కాదు. ముందు ఆ పేరే చూడండి. దాన్ని లాయల్టీ కార్డు అంటారు. తెలుగులో చెప్పాలంటే విధేయత కార్డు. పాత సావుకారి కొనేవాణ్ణి ఉద్దెర ఇచ్చి కట్టేసుకున్నాడు కాని, నాకు విధేయుడవై వుండు అని నోరు తెరిచి అడగలేదు. ఆ మాట అడిగింది దొర ఒక్కడే. ఇప్పుడు డబ్బు ఎదురిచ్చి సరుకు కొనే మనిషిని పట్టుకొని దుకాణం విధేయత అడుగుతున్నది. దానికి బదులుగా ఇస్తానన్న నూటికి ఒక రూపాయిని తన దగ్గరే వుంచుకుంటున్నది.

ఉద్దెరలో సరుకు ముందు వస్తుంది, డబ్బు తర్వాత పోతుంది. అప్పు కొనేవాడిది. పాయింటులో ఇది తలకిందులవుతుంది. డబ్బు ముందే పోయింది, సరుకులో కొంత భాగం తర్వాత వస్తుందన్నారు. అంటే దుకాణం మనకు బాకీ పడింది. ఇది నా వ్యాఖ్యానం కాదు, కంపెనీల పద్దుల శాస్త్రమే ఒప్పుకున్న సంగతి. 2018 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో పెద్ద కంపెనీలకు వర్తిస్తున్న ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ప్రకారం, వినియోగదారుడికి ఇచ్చిన పాయింట్ల విలువ కంపెనీకి అప్పుడే ఆదాయం కాదు. అది తీర్చవలసిన బాధ్యతగా పద్దులో నిలబడుతుంది. అయితే అదే ప్రమాణంలో బ్రేకేజి అని ఇంకొక మాట వుంది. ఇచ్చిన పాయింట్లలో ఎన్నిటిని జనం ఎన్నటికీ అడగరో కంపెనీ తన అనుభవాన్ని బట్టి అంచనా కట్టి, ఆ మేరకు ఆదాయంలో కలుపుకోవచ్చు. మన మరుపుకు, మన మొహమాటానికి, మారిపోయిన మన ఫోను నంబరుకు ఆ పద్దులో ఒక అంకె వుందన్నమాట. కౌంటరు దగ్గర వెనక వరుస గునిసినప్పుడు మనం సిగ్గుపడి సంచి తీసుకొని బయటికి నడవడం కూడా ఆ అంకెలోకే చేరుతుంది.

ఈ పాయింటుకు ఒకటి కాదు, రెండు వంశాలున్నాయి. మొదటిది ఇంగ్లండులో నేతపనివాళ్ల ఊరు రోచ్‌డేల్‌లో 1844లో మొదలయింది. ఇరవై ఎనిమిది మంది కలిసి సొంత దుకాణం పెట్టుకున్నారు. కల్తీ లేని పిండి, వెన్న, చక్కెర అమ్మడం, మిగిలిన లాభాన్ని ఎవరెంత కొన్నారో దాన్నిబట్టి పంచుకోవడం వాళ్ల పద్ధతి. ఎంత కొంటే అంత తిరిగి వస్తుందన్న సూత్రం అక్కడా వున్నది. కాని ఎంత రావాలో తేల్చేది సభ్యుల సమావేశం. పద్దు పుస్తకం వాళ్లదే. రెండో వంశం అమెరికాలో 1896లో స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే కంపెనీ మొదలుపెట్టిన ఆకుపచ్చ స్టాంపులది. దుకాణదారు ఆ స్టాంపులను కంపెనీ దగ్గర కొని, కొనుగోలును బట్టి గిరాకీలకు ఇస్తాడు. ఇంటికి తెచ్చి పుస్తకంలో అతికించుకోవాలి, పుస్తకాలు నిండాక కంపెనీ కేంద్రానికి పోయి గిన్నెలో దుప్పటో తెచ్చుకోవాలి. స్టాంపుల ఖర్చును దుకాణదారు సొంత జేబులో నుంచి పెట్టుకోడు, అది సరుకు ధరలోనే వుంటుంది. అతికించకుండా పారేసినవాళ్ల సొమ్ము ఎవరికి మిగిలిందో పాఠకులే వూహించవచ్చు. కొనుగోలుకు తిరిగి చెల్లింపు అనే సూత్రాన్ని సహకార వుద్యమం ఒక హక్కుగా నిలబెట్టిన యాభై ఏళ్లకు, వ్యాపారం దాన్ని ఒక ఎరగా మార్చుకున్నది. బ్రిటన్‌లో టెస్కో 1977లో స్టాంపులను వదిలేసి, 1995లో క్లబ్ కార్డు తెచ్చింది. మన చేతుల్లోని కార్డులన్నీ ఈ రెండో వంశానివి.

అయినా ఆ దేశాల్లో జనం వూరుకోలేదు. బ్రిటన్ 1964లో స్టాంపుల మీద ఒక చట్టమే చేసింది. ప్రతి స్టాంపు మీద దాని నగదు విలువ అచ్చువేయాలి, అయిదు షిల్లింగులకు చేరితే అడిగినవాళ్లకు నగదే ఇవ్వాలి. కెనడాలో ఎయిర్ మైల్స్ అనే పథకం అయిదేళ్లు దాటిన పాయింట్లు 2016 ఆఖరుకు చెల్లవని ప్రకటించింది. జనం ఒక్కసారిగా వాడుకోబోతే ఫోన్లు కలవలేదు. గోల లేచి, డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. కాలం తీరిందన్న ఒక్క కారణంతో పాయింట్లను రద్దు చేయకూడదని ఒంటారియో రాష్ట్రం ఆ ఏడే చట్టం చేసింది.

మన దగ్గర పాయింట్ల కోసం అటువంటి ప్రత్యేక చట్టం లేదు. వున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. అందులో అన్యాయమైన ఒప్పందం అన్న మాటకు నిర్వచనం వుంది, ఒకవైపు వాళ్లే ఇష్టం వచ్చినట్టు రద్దు చేసుకునే షరతులు దాని కిందికి వస్తాయి. బాగానే వుంది. కాని సేవాలోపం మీద ఫిర్యాదు కరీంనగర్‌లోని జిల్లా కమిషన్ వింటుంది, ఒప్పందమే అన్యాయమైనదన్న ఫిర్యాదు వినే అధికారం రాష్ట్ర కమిషన్‌ది. దాని చిరునామా హైదరాబాదు. రెండు వేల రూపాయల పాయింట్ల కోసం హైదరాబాదుకు ఎన్ని వాయిదాలకు పోగలం? బస్సు చార్జీలకే చాలవు.

ఇదంతా సీమ నుంచి దిగిన కొత్త మాయ అనుకుంటే పొరపాటు. కార్డు మీద లెక్క రాయించుకొని, సొమ్ము కోసం ఎదురుచూడడం మా ప్రాంతానికి కొత్త కాదు. కార్డు అన్న మాట నేను మొదట విన్నది సూపర్ మార్కెట్లో కాదు, పాత ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు వైపు తునికాకు కల్లంలో.

మా అమ్మ ప్రతి వేసవిలో ఆకుకు పోయేది. నాకు పదేళ్లప్పటి నుంచి నేనూ పోయేవాణ్ణి. తెల్లవారకముందే సద్ది కట్టుకొని అడవిలోకి పోవడం, ఎండ ముదిరేలోగా మూట కట్టుకొని రావడం, ఇంటి నీడలో అందరం కూచొని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టడం. మధ్యాహ్నం దాటాక కల్లానికి మోసుకుపోతే కల్లేదారు వరుసగా పరిపించి లెక్కపెట్టేవాడు. చిన్నాకు, చినిగినాకు, పురుగు తిన్నాకు అని కొన్ని కట్టలు తీసి పక్కన పడేసేవాడు. పడేసినవాటిని మళ్లీ ఇంటికి తీసుకుపోనిచ్చేవాడు కాదు. అవీ ఎండేవి, అవీ సంచిలోకి పోయేవి. ఇవి కాక నూటికి ఇన్ని కట్టలని పైన వేయాలి. దాన్నీ కొసరనే అన్నారు! అంగట్లో కొనేవాళ్లకు పడే కొసరు, కల్లంలో అమ్మేవాళ్ల మీద పడింది. తేడా అల్లా ఎవరు బలవంతులన్నదే. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే యాభై వేల ఆకులు, ఒక్కొక్కటీ చేత్తో తెంపినవి. లెక్క తేలిన తర్వాత కల్లేదారు కార్డు మీద అంకె వేసేవాడు. అమ్మకు చదువు రాదు. ఆ కార్డును చీర కొంగున కట్టుకొని వచ్చి, "ఎంతేసిండు సూడు బిడ్డా" అని నా చేతికిచ్చేది. నా చదువు మొదట అక్కరకు వచ్చింది అక్కడ. ఒకరోజు మేము వేసిన కట్టలకూ కార్డులో అంకెకూ పదిహేను తేడా వచ్చింది. మరునాడు అడిగితే, ఆ అంకె దిద్దడానికి తన కలంలో సిరా లేదన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు.

తునికాకును 1971 చట్టంతో ప్రభుత్వం తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నది. అంతకుముందు గుత్తేదారు చెప్పిందే రేటు. తర్వాత రేటు ప్రభుత్వం ప్రకటించేదయినా, టెండరు పాడుకున్నవాడి మనుషులే కల్లంలో కూచున్నారు. 1980ల్లో ఈ రెండు జిల్లాల్లో కట్టల రేటు పెంచాలని సాగిన పోరాటాల సంగతి ఈ పత్రిక పాఠకులకు తెలిసిందే. ఆ పోరాటాల్లో రేటుతో పాటు ఇంకొక కోరిక వుండేదని, దాన్ని మనం సరిగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. లెక్క మా కళ్ల ముందు జరగాలి, కార్డు మా చేతిలో వుండాలి అన్నది ఆ కోరిక. రేటు పెరిగినా, అంకె వేసేవాడు మారకపోతే ఆ పెరుగుదల ఎటుపోతుందో కూలీలకు తెలుసు.

తర్వాతి కాలంలో, అమ్మకం మీద మిగిలిన ఆదాయాన్ని బోనసుగా సేకరించినవాళ్లకే పంచాలన్న నియమం వచ్చింది. ఎవరి కార్డులో ఎన్ని కట్టలున్నాయో దాన్నిబట్టి బోనసు. సూత్రంగా చూస్తే ఇది రోచ్‌డేల్ సూత్రమే. ఆచరణలో 2016 తర్వాతి సీజన్ల బోనసు ఏళ్ల తరబడి ఆగి, 2023లో గాని కదలలేదు. అన్నేళ్లు కార్డు దాచుకోవడం ఒక యెత్తు, బ్యాంకు ఖాతా చెడిపోకుండా చూసుకోవడం ఒక యెత్తు. మధ్యలో మనిషే పోతే ఆమె పేర వున్న కట్టలకు వారసులమని రుజువు చేసుకోవడం మరొక యెత్తు. కంపెనీ పద్దుల్లో బ్రేకేజి అన్న మాటను చదివినప్పుడు నాకు ఈ కార్డులే గుర్తొచ్చాయి. అన్నట్టు అదే ఆకు కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలోకి బీడీలు చుట్టడానికి వస్తుంది. తూకం వేసి ఇచ్చిన ఆకుతో ఇన్ని వేల బీడీలు చుట్టి ఇవ్వాలి. ఆకు చెడిపోయినదయితే చుట్టే ఆడమనిషి సొంత డబ్బుతో ఆకు కొని లెక్క సరిపెడుతుంది. కొసరు ఇక్కడా పైకే పోతున్నది.

విలువ మారకం సంగతి కూడా మనవాళ్లకు తెలియనిది కాదు. నిజాం ఇలాకాలో హాలీ సిక్కా నడిచినంతకాలం, సర్కారు ఇలాకా రూపాయిని కల్దార్ అన్నారు. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. గోదావరి, ప్రాణహిత దాటి అవతలి చాందాకు సరుకు తోలినవాళ్లకు ఈ వట్టం లెక్క నోటికి వచ్చేది. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. ఇనప్పెట్టెల్లో, మట్టి కుండల్లో దాచుకున్న ముసలివాళ్లకు మిగిలింది వెండి విలువ. అయినా ఒకటి చెప్పాలి. హాలీ రూపాయి ఎంతకు మారుతుందో బజారులో అందరికీ తెలుసు. రూపాయి పాయింటు అర్ధరూపాయి ఎప్పుడయిందో నాకు తెలియదు. రాజుగారి టంకసాలకున్న పాటి మర్యాద కంపెనీ కంప్యూటరుకు లేదు.

జీతాన్ని చీటీల్లో, సొంత దుకాణంలో మాత్రమే చెల్లే టోకెన్లలో ఇవ్వడాన్ని బ్రిటన్ 1831లోనే ట్రక్ చట్టంతో నిషేధించింది. మన దేశంలో 1936 వేతనాల చెల్లింపు చట్టం కూలిని చెలామణిలో వున్న నాణేల్లో, నోట్లలోనే ఇవ్వాలన్నది. నిజాం ఇలాకాకు అప్పుడది వర్తించలేదు. ఆ ఏడే నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద ఒక శాసనం చేసింది గాని, దొర దస్త్రంలో వున్న అప్పు దొర చెప్పినంతే. కూలి విషయంలో చట్టం ఇంత దూరం వచ్చింది. కొనుగోలు విషయంలో మాత్రం, ఒకే దుకాణంలో చెల్లే, దుకాణదారే విలువ కట్టే, దుకాణదారే చెల్లదనే ఒక నాణెం మన జేబుల్లోకి నిశ్శబ్దంగా వచ్చి చేరింది. దాన్ని మనం బహుమతి అనుకుంటున్నాం.

మన సాహిత్యం బాకీ లెక్కను గొప్పగా పట్టుకున్నది. కాళీపట్నం రామారావు 1964లో రాసిన 'యజ్ఞం' కథ మొత్తం ఒక బాకీ చుట్టూ, దాన్ని తేల్చే పంచాయితీ చుట్టూ తిరుగుతుంది. అల్లం రాజయ్య, సాహు కలిసి 1983లో తెచ్చిన 'కొమురం భీం' నవలలో అడవి మనిషి మీద పడే పన్నుల, షావుకార్ల బరువు వుంది. కాని బాకీ పడింది పేదవాడు కాక ఎదుటివాడయినప్పుడు, ఆ ఎదుటివాడికి ముఖమే లేనప్పుడు మన కథకుడు తడబడుతున్నాడు. మాల్ గురించి, సూపర్ మార్కెట్ గురించి వస్తున్న కథలు చాలావరకు దాని తళుకుల దగ్గర, మధ్యతరగతి ఆశపోతుతనం దగ్గర ఆగిపోతున్నాయి. కొనేవాణ్ణి ఎగతాళి చేయడం సులువు. బిల్లు చివర సన్నటి అక్షరాల్లో వున్న అంకె ఎవరు ఎవరికి పడిన బాకీయో చెప్పిన కథ నేనింకా చదవలేదు. నా కంట పడకపోవడం నా లోపమే అయితే సంతోషిస్తాను.

పద్దు పుస్తకం కొనేవాళ్ల చేతిలోనో, పండించేవాళ్ల చేతిలోనో వుంటే ఏమవుతుందో చూడడానికి ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పూనికతో రైతుల సహకార సంఘం మొదలయింది. అదే వూళ్లో 2000లో ఆడవాళ్లు సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. స్వకృషి పేరుతో వాళ్ల పాలు మా వూరి దుకాణాల్లోనూ దొరుకుతాయి. పాల డబ్బులు ఎప్పటికప్పుడు చెల్లుతాయి, ఏడాది చివర మిగులులో నుంచి ఎవరు ఎన్ని పాలు పోశారో దాన్నిబట్టి బోనసు ముడుతుంది. ఆ బోనసు ఎంతన్నది సర్వసభ్య సమావేశంలో చెప్పాలి, అడిగినవాళ్లకు జవాబివ్వాలి. సహకారమన్న పేరు పెట్టుకున్నవన్నీ ఇలా వున్నాయని నేననను. పెద్దల చేతుల్లో పడి మూతపడిన సొసైటీలు ఈ జిల్లాల్లో కావలసినన్ని. సూపర్ బజార్ అన్న మాట కూడా 1966లో ఢిల్లీలో సహకార దుకాణం పేరుగానే మన వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ఎవరికీ అది గుర్తులేదు.

నా సంగతికి వస్తే, 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు రాయించాను. పన్నెండు రోజులకు దుకాణం నుంచి ఫోను వచ్చింది. నంబరు మార్చారు. అయిదు వందల నలభై పాయింట్లకు రెండు వందల డెబ్బై రూపాయలు ఇస్తామన్నారు. పాతవి పదహారు వందల ఇరవై మాత్రం రావన్నారు. ఎందుకు రావో రాతపూర్వకంగా చెప్పమంటే ఇంతవరకు జవాబు లేదు. ఆ రెండు వందల డెబ్బైకి వెయ్యి రూపాయల బిల్లు కోసం సబ్బులు, చాపత్తా, అగర్‌బత్తులు కొన్నాం. బియ్యం, నూనె కోమటి దుకాణంలో తెచ్చుకున్నాం. కొలిచిన తర్వాత ఆయన ఒక పిడికెడు బియ్యం పైన వేశాడు.